రెండేళ్ళ పిల్లలు కింద పడి దొర్లుతుంటే ఏం చేయాలి?

"షాపులో కింద పడి దొర్లాడండీ, ఏం చేసినా ఆగలేదు." ఈ మాట చెప్పి సలహా అడగనివాళ్ళు లేరు. కొందరు "డాక్టర్‌కి చూపించాలా?" అంటారు, కొందరు "మా అత్తగారు దిష్టి తీయమంటున్నారు" అంటారు. దిష్టి తీసుకోండి, పోయేదేం లేదు, కాకపోతే ఎర్రనీళ్ళు పారబోసి వచ్చాక కూడా సాయంత్రం ఆరింటికి వాడు మళ్ళీ దొర్లుతాడు. అడిగిన ప్రతివాళ్ళకీ ఫోన్‌లో చెప్పేదంతా ఒకచోట రాస్తే నాకూ మీకూ పని తగ్గుతుంది కదా అని ఇది రాస్తున్నా. ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ళ మధ్య పిల్లలున్న ఇళ్ళకి పనికొస్తుంది.

ఎందుకిలా అంటే, రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఈ వయసులో వాళ్ళకి అర్థమయ్యేది చాలా, చెప్పగలిగేది కొంచెం. కోపాన్ని ఆపుకునే మెదడు భాగం ఇంకా తయారవ్వలేదు, అది పూర్తిగా తయారవడానికి ఇరవై ఏళ్ళు దాటుతుంది. దోసె తుంచి పెట్టారని ఏడుస్తాడు. ఇంకో దోసె వేసి ఇస్తే అది వద్దంటాడు, తుంచిన దాన్నే అతికించమంటాడు. మీ మీద కక్షతో చేస్తున్నది కాదది, నిజంగానే వాడికి ఆ నిమిషంలో ప్రపంచం మునిగిపోయినట్టే ఉంటుంది.

ముందు ఇది మామూలేనా, కాదా చూసుకోండి

మారాం చేయడం ఏడాది దాటాక మొదలవుతుంది, రెండు నుంచి మూడేళ్ళ మధ్య ముదురుతుంది, నాలుగేళ్ళకి చాలామందిలో బాగా తగ్గుతుంది. ఒక్కో విడత రెండు నిమిషాల నుంచి పావుగంట దాకా సాగుతుంది. రోజుకి ఒకటి రెండు సార్లు వచ్చినా, అయిపోయాక మీ దగ్గరికొచ్చి ఆడుకుంటున్నాడంటే కంగారు అక్కర్లేదు. కొరకడం, రక్కడం, వస్తువులు విసరడం, "నాది" అని లాక్కోవడం, అన్నిటికీ "వద్దు" అనడం, చివరికి తనకి కావాల్సినదానికి కూడా "వద్దు" అనడం, ఇవన్నీ ఈ వయసు సరుకే. మామూలు కానివి చివర్లో రాశాను, అనుమానం ఉన్నవాళ్ళు ముందు అది చదివి మళ్ళీ ఇక్కడికి రండి.

కావాల్సినవి

- ఒక చిన్న నోటుబుక్, లేదా ఫోన్‌లో నోట్స్
- బయటికెళ్ళే సంచిలో నీళ్ళ సీసా, అరటిపండు లేదా ఇడ్లీ ముక్కలు, ఒక జత బట్టలు, ఇంట్లో మామూలుగా చేతికివ్వని ఒక చిన్న బొమ్మ
- వెళ్ళాల్సిన పనికి పావుగంట అదనపు టైమ్ (ఇది అన్నిటికన్నా ముఖ్యం, మన ట్రాఫిక్‌లో అన్నిటికన్నా కష్టం కూడా)
- ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళందరి ఒప్పందం. దీని గురించి మూడో మెట్టులో చెప్తాను, ఇది లేకపోతే మిగతావి పెద్దగా పనిచేయవు.

1. ఒక వారం రాయండి

ఏమీ మార్చకుండా ముందు ఒక వారం రాయండి. ఏ టైమ్‌కి వచ్చింది, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు ఏడ్చాడు, మీరు ఏం చేశారు. ఒక్కోదానికి ఒక్క లైను చాలు: "సాయంత్రం 6:40, లిఫ్ట్ దగ్గర, బటన్ నేను నొక్కేశా, 8 నిమిషాలు, ఎత్తుకెళ్ళాం." టైమ్ మాత్రం గడియారం చూసి రాయండి, ఎందుకంటే ఏడుపు మధ్యలో ఉన్నప్పుడు నాలుగు నిమిషాలు కూడా అరగంటలా అనిపిస్తుంది, "గంటసేపు ఏడ్చాడండీ" అని వచ్చేవాళ్ళలో చాలామంది లెక్క గడియారం పెట్టి చూస్తే పది నిమిషాలు దాటదు.

వారం తిరిగేసరికి చాలా ఇళ్ళలో ఒకటే వరస కనిపిస్తుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య సగానికి పైగా, లేదా అందరూ హడావిడిగా బయల్దేరే పొద్దున్న తొమ్మిదింటికి. మీ నోటుబుక్‌లో ఏం కనిపిస్తే దాన్నిబట్టి పోవాలి, పక్కింటి వాళ్ళ చిట్కా మీకు సరిపోవాలని లేదు.

అనుమానం: "రాసే టైమ్ ఎక్కడండీ?" సరే, మీకే మీరు ఒక వాయిస్ మెసేజ్ పెట్టుకోండి, రాత్రి రాసుకోండి.

2. నిద్ర, తిండి సరిచేయండి

ఇది చప్పగా ఉంటుంది, అందుకే అందరూ దాటేసి నేరుగా "ఏడుస్తుంటే ఏం చేయాలి" దగ్గరికి వెళ్తారు. నా అభిప్రాయంలో సగం మారాం ఇక్కడే పోతుంది.

ఒకటి రెండేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇప్పుడు మన సంగతి చూడండి. హైటెక్ సిటీ నుంచో గచ్చిబౌలి నుంచో నాన్న ఇల్లు చేరేది తొమ్మిదిన్నరకి, నాన్న వచ్చేదాకా పాపని మేల్కొలిపి ఉంచుతారు, వచ్చాక ఎగరేసి ఆడిస్తారు, పడుకునేసరికి పదకొండున్నర. పొద్దున్న ఎనిమిదింటికి లేపేస్తారు. పగలు రెండు గంటలు పడుకున్నా పదిన్నర గంటలే. రెండేళ్ళ పాపకి ఇది తక్కువ, ఆ బాకీ మర్నాడు సాయంత్రం మీ డ్రాయింగ్ రూమ్‌లో వసూలవుతుంది.

చేయాల్సింది: పడుకునే టైమ్ రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకి జరపండి. ఒకేసారి పదకొండు నుంచి తొమ్మిదికి తేవాలంటే ఎవరివల్లా కాదు. లైట్లు తగ్గించడం, టీవీ ఆపడం పడుకునే ముందు గంట నుంచే. నాన్నకి పిల్లతో గడిపే టైమ్ పోతుందంటే పొద్దున్న అరగంట ఆయనకే వదిలేయండి, పాలు తాగించడం, స్నానం చేయించడం ఆయన వంతు. ఇద్దరికీ బాగుంటుంది.

హెచ్చరిక: పడుకోవట్లేదని జలుబు సిరప్ ఒక మూత పోసేవాళ్ళు ఉన్నారు. వద్దు. మామూలుగా దొరికే ఒక రకం జలుబు మందుల కాంబినేషన్ నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని సీసా మీదే రాయాలని 2023 చివర్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. నిద్రకోసం ఏ మందూ డాక్టర్ చెప్పకుండా ఇవ్వకండి.

తిండి సంగతి. రెండో ఏడాదిలో ఎదుగుదల వేగం తగ్గుతుంది, దాంతో ఆకలీ తగ్గుతుంది. మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకి మూడింతలైన పిల్ల, రెండో ఏడాదంతా కలిపి రెండు రెండున్నర కిలోలే పెరుగుతుంది. "ఏమీ తినట్లేదు" అని పాల సీసా మీద సీసా పట్టిస్తే అసలు అన్నం ముట్టదు. పాలు రోజుకి అరలీటరు దాటకుండా చూడండి. పాలు ఎక్కువై తిండి తగ్గితే ఐరన్ తగ్గుతుంది, ఐరన్ తగ్గిన పిల్లలు ఊరికే చిరాకు పడతారు. మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది, అంటే ముగ్గురిలో ఇద్దరు. కాబట్టి "మా పిల్లాడు బొద్దుగా ఉన్నాడు, వాడికేం రక్తహీనత" అనుకోకండి. పొద్దస్తమానం చిరాకుగా ఉంటే, మట్టో సున్నమో తింటుంటే ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడిగినా రక్తపరీక్ష ఉచితంగా అవుతుంది.

3. ఇంట్లో అందరి మాటా ఒకటి చేయండి

ఇదే అసలు కష్టమైన మెట్టు. అమ్మ చాక్లెట్ వద్దంటుంది, తాతయ్య లోపలికి తీసుకెళ్ళి చేతిలో పెడతాడు. నాన్న ఫోన్ తీసేసుకుంటాడు, నానమ్మ తన ఫోన్ ఇస్తుంది. పిల్లాడు తెలివైనవాడు, ఎవరి దగ్గర ఎంతసేపు ఏడిస్తే పనవుతుందో వారంలో పసిగడతాడు. ఆ మాట తాతయ్యతో అంటే "మేము మిమ్మల్ని పెంచలేదా?" అంటారు. నిజమే, పెంచారు, అప్పుడు వాకిట్లో ఆడుకోవడానికి చోటుంది, చేతిలో ఫోన్ లేదు.

పెద్దవాళ్ళకి నియమాలు చదివి వినిపిస్తే వినరు. ఇలా చేయండి: పిల్లాడు పడుకున్నాక టీ తాగుతూ అందరూ కూర్చున్నప్పుడు, "అత్తయ్యా, వీడు మీ మాటైతే వింటాడు, ఈ మూడింటికి మాత్రం మీరు కూడా నాతో ఉండండి" అని మూడే మూడు చెప్పండి. మూడు మించితే గుర్తుండవు. నేనైతే ఇవి ఎంచుకుంటాను:

- కొట్టడం, కొరకడం కుదరదు.
- రోడ్డు, గ్యాస్ పొయ్యి, బాల్కనీ గోడ దగ్గర మాట వినాల్సిందే.
- అన్నం తినేటప్పుడు ఫోన్ ఉండదు.

మిగతావన్నీ వదిలేయండి. ఎడమ కాలి చెప్పు కుడి కాలికి వేసుకుంటానంటే వేసుకోనివ్వండి. మే నెలలో స్వెటర్ కావాలంటే రెండు నిమిషాలకి వాడే విప్పేస్తాడు. తాతయ్య రోజుకొక బిస్కెట్ పెడతారా, పెట్టనివ్వండి, కాకపోతే ఏడుస్తున్నప్పుడు మాత్రం వద్దని చెప్పండి. ఏడవకముందు ఇచ్చింది ముద్దు, ఏడ్చాక ఇచ్చింది జీతం. ఈ తేడా పెద్దవాళ్ళకి చెప్తే భలే అర్థమవుతుంది.

పిల్లని చూసుకునే ఆయా ఉంటే ఆవిడకీ ఇదే చెప్పాలి. చాలామంది మర్చిపోతారు.

4. బయల్దేరే ముందే చెప్పండి

"షాపుకి వెళ్తున్నాం. పాల ప్యాకెట్ కొంటాం. చిప్స్ కొనం. వచ్చేస్తాం." అంతే, నాలుగు చిన్న వాక్యాలు, వాడి కళ్ళలోకి చూసి. షాపు గుమ్మం దగ్గర ఇంకోసారి. వాడికేదైనా పని అప్పజెప్పండి, పాల ప్యాకెట్ వాడే పట్టుకోవాలి, డబ్బులు వాడే ఇవ్వాలి. చేతికి పని ఉంటే వేలాడే చిప్స్ ప్యాకెట్ల మీదికి చూపు తక్కువగా పోతుంది.

రెండిట్లో ఒకటి ఎంచుకోనివ్వడం బాగా పనిచేస్తుంది: "ఎర్ర చొక్కానా, పచ్చ చొక్కానా?" "నడుస్తావా, ఎత్తుకోనా?" రెండే ఇవ్వండి, అయిదిస్తే వాడికి అదో కొత్త ఏడుపు. రెండూ మీకు సమ్మతమైనవే అయ్యుండాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు: తప్పదన్నప్పుడు కూడా అడగడం. "స్నానం చేద్దామా నాన్నా?" అని అడిగితే వాడు "వద్దు" అనే అంటాడు, అడిగింది మీరే. స్నానం తప్పదు కాబట్టి "స్నానం టైమ్. బకెట్‌లో బాతుని వేస్తావా, కప్పుని వేస్తావా?" అనండి.

లిఫ్ట్ బటన్ సంగతి ఎప్పుడూ అడుగుతారు. వాడు నొక్కాల్సింది మీరు నొక్కేశారు, మూతి వంకరైంది. మళ్ళీ కిందికెళ్ళి వాడితో నొక్కించాలా? ఏడుపు ఇంకా మొదలవకపోతే, వెనకాల ఎవరూ లేకపోతే, నొక్కించండి, అందులో గారాబం ఏమీ లేదు, ఈ వయసులో "నేనే చేస్తా" అనేది మంచి లక్షణం. ఒకసారి కింద పడి అరవడం మొదలైందంటే మాత్రం వద్దు, "రేపు నువ్వే నొక్కు" అని పైకి తీసుకెళ్ళండి. మర్నాడు గుర్తుపెట్టుకుని నొక్కించండి, అది మర్చిపోతే మీ మాటకి విలువ పోతుంది.

5. ఏడుపు లంకించుకున్నాక

వరస ముఖ్యం.

మొదట చుట్టూ చూడండి. మెట్లు, గాజు బల్ల మూల, వేడి గిన్నె, రోడ్డు. ఉంటే ఎత్తుకుని పక్కకి తీసుకెళ్ళండి, మాట్లాడకుండా. తల నేలకి కొట్టుకుంటుంటే తల కింద మీ చెయ్యో దిండో పెట్టండి చాలు.

తర్వాత మీరు కిందికి రండి. నిలబడి పైనుంచి అరిస్తే వాడికి మీ మోకాళ్ళే కనిపిస్తాయి. పక్కన కూర్చోండి.

ఒక్క మాట చెప్పండి: "చిప్స్ కావాలి, అమ్మ కొనలేదు, కోపం వచ్చింది." ఆపై నోరు మూసుకోండి. ఇదే చాలామందివల్ల కాదు. "ఎన్నిసార్లు చెప్పాలి, నిన్ననే కదా తిన్నావ్, దగ్గొస్తుంది, డాక్టర్ ఏమన్నాడు..." ఆ స్థితిలో వాడి చెవికి ఇవేవీ ఎక్కవు, మీ గొంతు మాత్రం మంటకి నెయ్యిలా పనిచేస్తుంది.

దగ్గరికి తీసుకుంటే కొందరు తగ్గుతారు, కొందరు ఇంకా తన్నుతారు. మీవాడు రెండో రకమైతే ఒక అడుగు దూరంలో, కనిపించేలా కూర్చోండి. గదిలో పెట్టి గడియ వేయడం, చీకటి బాత్‌రూమ్‌లో ఉంచడం చేయొద్దు.

ఈలోగా మీకే కోపం కట్టలు తెంచుకుంటోందా? ఇంకొకళ్ళకి అప్పజెప్పి బాల్కనీలోకి వెళ్ళండి. ఎవరూ లేకపోతే పిల్లాడు సురక్షితంగా ఉన్నాడని చూసుకుని తలుపు తీసే ఉంచి పక్క గదిలో రెండు నిమిషాలు నిలబడండి. పిల్లల్ని పట్టుకుని కుదిపేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, చిన్నపిల్లలకి మెదడులో రక్తస్రావం కావచ్చు.

ఇంకో హెచ్చరిక: ఊరుకోబెట్టడానికి ఏడుస్తున్న నోట్లో ఏదీ కుక్కకండి. పల్లీలు, చిప్స్, ద్రాక్ష గొంతుకి అడ్డం పడతాయి. నాలుగేళ్ళలోపు పిల్లలకి మామూలప్పుడు కూడా పల్లీలు గుళ్ళుగా పెట్టొద్దు, ద్రాక్ష నిలువుగా కోసి పెట్టండి.

బయటైతే? సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చాక్లెట్లు సరిగ్గా వాళ్ళ కంటి ఎత్తులోనే పెడతారు, లొల్లి అక్కడే మొదలవుతుంది. ఇద్దరు వెళ్తే ఒకరు బిల్లు దగ్గర, ఒకరు పిల్లతో ముందే బయట. ఒక్కరే అయితే ట్రాలీ పక్కన పెట్టి, "అయిదు నిమిషాల్లో వస్తా" అని చెప్పి, ఎత్తుకుని బయటికి నడవండి. ఆటోలో అయితే పక్కకి ఆపమనండి, కదిలే ఆటోలో తన్నుకునే పిల్లని పట్టుకోవడం ప్రమాదం. మెట్రోలో, అదీ అమీర్‌పేట రద్దీలో వస్తే, తర్వాతి స్టేషన్‌లో దిగి బెంచీ మీద కూర్చోండి, ఇంకో బండి వస్తుంది. పెళ్ళికి వెళ్తే ఇంట్లోనే కడుపునిండా తినిపించి తీసుకెళ్ళండి, ఫంక్షన్ హాల్లో డీజే మోత, కళ్ళలో కొట్టే లైట్లు, పదిమంది బుగ్గలు గిల్లడం, భోజనం రాత్రి పదింటికి. పెద్దవాళ్ళకే తల తిరుగుతుంది, రెండేళ్ళ పాప ఎంత ఓర్చుకుంటుంది? పార్కింగ్ వైపు ఒక రౌండ్ తిప్పుకు రండి.

"నలుగురూ చూస్తున్నారు" అన్నదే అసలు టెన్షన్. "అయ్యో పసిపిల్ల, ఒక్కటి ఇప్పించమ్మా" అని ఎవరో ఒక ఆంటీ అంటారు, ఖాయం. "పర్లేదు ఆంటీ, సర్దుకుంటుంది" అని నవ్వండి. ఆవిడ మళ్ళీ మీకు కనపడరు, పిల్లతో మీరు రేపు కూడా షాపుకి వెళ్ళాలి.

6. తగ్గాక

మంచినీళ్ళు, ముఖం కడగడం, దగ్గరికి తీసుకోవడం. ఒక్క వాక్యం: "కోపం వచ్చింది, ఇప్పుడు తగ్గింది." క్లాసు పీకకండి. సారీ చెప్పించడం కోసం ఇంకో పావుగంట యుద్ధం మొదలుపెట్టకండి.

ఏది వద్దన్నారో అది ఇప్పుడూ వద్దే. తగ్గాడు కదా, పాపం అని ఇప్పుడు చిప్స్ కొంటే ఇంతసేపు పడ్డ కష్టమంతా వృథా. విసిరిన బొమ్మలు మాత్రం ఇద్దరూ కలిసి తీయండి.

7. కొట్టినా, కొరికినా

చెయ్యి మెత్తగా పట్టుకుని, "కొట్టకూడదు, నొప్పి" అని గట్టిగా, అరవకుండా చెప్పండి. దెబ్బ తిన్న పిల్లని ముందు చూడండి, కొట్టినవాడిని తర్వాత. ఆట లోంచి ఒకటి రెండు నిమిషాలు పక్కకి తెచ్చి మీ దగ్గరే కూర్చోబెట్టండి. "నువ్వు కొడితే ఎలా ఉంటుందో చూడు" అని తిరిగి కొట్టడం, కొరకడం వద్దు, కొట్టొచ్చని మీరే నేర్పినట్టవుతుంది. పిల్లాడు పడిపోతే "ఈ నేల నిన్ను పడేసిందా, అత్త కొట్టేద్దాం" అని నేలని బాదే అలవాటు మన ఇళ్ళలో ఉంది చూశారా, అదీ మానేయండి. నొప్పి పుడితే ఎవర్నో ఒకర్ని కొట్టాలి అన్నది వాడు అక్కడ కూడా నేర్చుకుంటాడు.

ఫోన్ వదిలించాలంటే

రెండేళ్ళలోపు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ళ దాకా రోజుకి గంట మించొద్దని భారత పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెప్తుంది. అమెరికాలో ఉన్న పిన్నితో వీడియో కాల్ ఇందులోకి రాదు, మాట్లాడుకోండి.

మధ్యలో లాక్కోకండి. ఆటోప్లే ఆపేసి, వీడియో అయిపోయాక వాడి చేత్తోనే ఆపించి ఫోన్ బీరువాలో పెట్టండి. కనిపిస్తే అడుగుతాడు, కాబట్టి మీరు కూడా వాడి ముందు స్క్రోల్ చేయకండి (ఇది చెప్పగానే నాన్నలందరూ వేరే వైపు చూస్తారు). అన్నం దగ్గర మానిపించాలంటే ముందు రోజుకి ఒక పూట ఫోన్ లేకుండా మొదలుపెట్టండి. రెండు ముద్దలే తిని లేచిపోతాడు, పోనివ్వండి, తర్వాతి పూట ఆకలితో వస్తాడు.

ఒకటి ముందే తెలుసుకోండి: మొదట్లో ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. ఇంతకాలం పనిచేసిన ఉపాయం ఇప్పుడు పనిచేయట్లేదని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. సరిగ్గా అప్పుడే చాలా ఇళ్ళలో "ఇదేం పనిచేయట్లేదు" అని ఫోన్ ఇచ్చేస్తారు. అలా ఇస్తే ఈసారి నుంచి అంత గట్టిగా ఏడవాలని వాడికి తెలిసిపోయినట్టే. ఇవ్వాలనుకుంటే ఏడుపుకి ముందే ఇచ్చేయండి, మధ్యలో ఇవ్వకండి.

గుక్క పట్టి నీలంగా మారితే

దీనికి అందరూ హడలిపోతారు, సహజమే. గట్టిగా ఏడ్చి ఊపిరి బిగబట్టి, పెదాలు నీలంగా మారి, కొందరు క్షణకాలం స్పృహ తప్పుతారు. ఎక్కువగా ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య మొదలవుతుంది, చాలామందిలో ఆరేళ్ళలోపు దానంతటదే పోతుంది. పిల్ల కావాలని చేసేది కాదు. పక్కకి తిప్పి నేల మీద పడుకోబెట్టండి, నోట్లో ఏదైనా ఉంటే కనిపిస్తేనే తీయండి, అలా ఉండండి, మామూలుగా నిమిషంలోపే ఊపిరి తీసుకుంటారు. ముఖాన చెంబుడు నీళ్ళు కొట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, వీపు మీద బాదడం వద్దు. నిమిషం దాటినా ఊపిరి రాకపోతే, లేదా కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. మొదటిసారి వచ్చినప్పుడు తగ్గిపోయినా సరే డాక్టర్‌కి చూపించండి. వీళ్ళలో చాలామందికి ఐరన్ తక్కువ ఉంటుంది, సరిచేస్తే గుక్క పట్టడం కూడా తగ్గుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

భయపెట్టడం. "బూచోడొస్తాడు", "పోలీసుకి పట్టిస్తా", "డాక్టర్ సూది వేస్తాడు". ఆ క్షణానికి ఊరుకుంటాడు, తర్వాత టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు ఆస్పత్రి గేటు దగ్గరే ఏడుపు. "నిన్ను ఇక్కడే వదిలేసి వెళ్ళిపోతా" అనడం అన్నిటికన్నా చెడ్డది, ఈ వయసులో వాళ్ళు అది నిజమే అనుకుంటారు.

ఒకరోజు వద్దు, ఒకరోజు సరే. మీ మీటింగ్ ఉన్నప్పుడు ఫోన్ ఇచ్చి, లేనప్పుడు ఇవ్వకపోతే వాడికి మీ క్యాలెండర్ తెలీదు కదా. ఇంటి నుంచి పని చేసేవాళ్ళు మీటింగ్ టైమ్‌కి వేరే ఏర్పాటు చేసుకోండి: మూత బిగించిన డబ్బాల బుట్ట, పిండి ముద్ద, కాసిని నీళ్ళు పోసిన టబ్బు (పక్కన పెద్దవాళ్ళు ఉంటేనే).

పోల్చడం. "పక్క ఫ్లాట్ పాప చూడు ఎంత బుద్ధిగా ఉందో." ఆ పాప వాళ్ళింట్లో ఏం చేస్తుందో మీకు తెలీదు.

బుద్ధిగా ఉన్నప్పుడు పట్టించుకోకపోవడం. గంటసేపు తనంతట తాను ఆడుకుంటే ఎవరూ ఏమనరు, గ్లాసు విసిరితే అందరూ పరుగెత్తుకొస్తారు. ఆడుకుంటున్నప్పుడే వెళ్ళి "డబ్బాలు భలే పేర్చావే" అనండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడు నాలుగు వారాలయ్యాక మళ్ళీ ఒక వారం రాసి, మొదటి వారంతో పక్కపక్కన పెట్టి చూడండి. ముందుగా తగ్గేది ఎన్నిసార్లు అన్నది కాదు, ఎంతసేపు అన్నది. పన్నెండు నిమిషాలది ఆరుకి వచ్చిందా, మంచిదే. తనంతట తాను మీ ఒళ్ళోకి వస్తున్నాడా, ఏడ్చే ముందు ఒక మాటైనా అంటున్నాడా ("ఇవ్వు", "నేను", "వద్దు పో"), అవి కూడా లెక్కే. సున్నా అవుతుందని ఎదురుచూడకండి.

ఏమీ మారకపోతే నోటుబుక్‌లో "మేం ఏం చేశాం" అన్న గడి చూడండి. పదిసార్లలో మూడుసార్లు ఎవరో ఒకరు చిప్స్ ఇచ్చి ఉంటారు. ఎవరని ఇంట్లో గొడవ పెట్టుకోకండి, మూడో మెట్టుకి వెళ్ళండి. జ్వరం, పళ్ళు రావడం, కొత్త చెల్లి పుట్టడం, ఇల్లు మారడం, ప్లేస్కూల్ మొదలవడం, ఈ రోజుల్లో పెరిగితే అది లెక్కలోకి తీసుకోకండి.

డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి?

- ప్రతిసారీ 25 నిమిషాలు దాటుతుంటే, లేదా రోజుకి అయిదుసార్లకి మించి చాలా రోజులు వస్తుంటే
- తనని తాను గాయపరుచుకుంటుంటే, లేదా నాలుగేళ్ళు దాటినా తగ్గకపోతే
- ఏడాదిన్నరకి నడవకపోతే, వేలితో చూపించి అడగకపోతే
- 16 నెలలకి ఒక్క మాటా లేకపోతే, రెండేళ్ళకి "నీళ్ళు కావాలి", "నాన్న రా" లాంటి రెండు మాటలు కలపకపోతే
- పేరు పెట్టి పిలిస్తే పలకకపోతే, కళ్ళలోకి చూడకపోతే
- వచ్చిన మాటలు, నేర్చుకున్న పనులు ఏ వయసులోనైనా పోతే. దీనికి ఒక్క వారం కూడా ఆగొద్దు.

మాటల లెక్కలో మన ఊళ్ళో ఒక తికమక ఉంది. ఇంట్లో తెలుగు, ఆయాతో హిందీ, ప్లేస్కూల్లో ఇంగ్లీషు, "అందుకే మాటలు ఆలస్యం" అని చాలామంది సరిపెట్టుకుంటారు. మూడు భాషలు వినడం వల్ల ఆలస్యం రాదు. అన్ని భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి, అప్పటికీ తక్కువుంటే చూపించండి. "వాళ్ళ నాన్నకి కూడా నాలుగేళ్ళకే మాటలొచ్చాయి" అన్న మాట విని ఏడాది పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది.

ముందు మీ పిల్లల డాక్టర్, వినికిడి పరీక్ష అడిగి చేయించుకోండి. అంగన్‌వాడీలో ఇచ్చిన తల్లీబిడ్డ కార్డులో ఏ వయసుకి ఏం రావాలో బొమ్మలతో ఉంటుంది, అది ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది, వెతకండి. ఎదుగుదలలో తేడా ఉందంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ మేధో వైకల్య సంస్థ ఉంది, చిన్నపిల్లలకి పరీక్షలు, థెరపీ అక్కడ చేస్తారు. ఇక పిల్ల సంగతి అలా ఉంచి, మీకే నిద్ర పట్టకపోతున్నా, పిల్లని చూస్తేనే భయమో కోపమో వస్తున్నా 14416 టెలీ మానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు ఒక్క విడత వీడియో తీసి పెట్టుకోండి, మొదటి నుంచి చివరి దాకా. క్లినిక్‌లో మాత్రం వాడు కుర్చీలో బుద్ధిగా కూర్చుని డాక్టర్ పెన్నుతో ఆడుకుంటాడు, మీరు చెప్పేది ఆయన నమ్మాలంటే అదొక్కటే దారి.